సింథ్ మాడ్యూల్: సొంతంగా చేసుకోవాలా, రెడీమేడ్ కొనాలా?

నా టేబుల్ మీద ఇప్పుడు రెండు మాడ్యూల్స్ పక్కపక్కన ఉన్నాయి. ఒకటి యూరప్ నుంచి తెప్పించుకున్న ఫిల్టర్. నల్లటి అల్యూమినియం ప్యానెల్, వెన్నలా తిరిగే నాబ్‌లు, చూస్తేనే ముచ్చటేస్తుంది. రెండోది నేను చేసుకున్న వీసీఓ. ప్యానెల్ మీద రెండు రంధ్రాలు ఒక మిల్లీమీటర్ పక్కకి పోయాయి. ఒక నాబ్ రంగు మిగతావాటికి మ్యాచ్ అవ్వదు. ఇది ఇప్పటికి రెండుసార్లు కాలిపోయింది, అయినా పనిచేస్తోంది. ఆ నల్ల ప్యానెల్‌ది మాత్రం ఒక్కసారే పాడైంది. ఎనిమిది నెలలుగా నోరు మెదపకుండా కూర్చుంది.

"సొంతంగా చేసుకుంటే చీప్‌గా అయిపోతుంది కదా బ్రో?" అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. రెండేళ్ల కింద నేనూ అదే అనుకుని మొదలుపెట్టా. ఇప్పుడైతే ఎవరడిగినా ముందు ఈ రెండింటి కథ చెప్తున్నా.

కొత్తవాళ్ల కోసం ఒక్క మాట. మామూలు కీబోర్డ్ కొంటే లోపల అన్నీ కంపెనీవాళ్లే కలిపేసి ఇస్తారు. మాడ్యులర్‌లో ఒక్కో పనికి ఒక్కో డబ్బా. శబ్దం పుట్టించేది వీసీఓ, అందులోని పదును తగ్గించేది ఫిల్టర్, వాల్యూమ్ పెంచి తగ్గించేది వీసీఏ. వాటిని చిన్న చిన్న 3.5 ఎంఎం కేబుల్స్‌తో మనకి నచ్చినట్టు కలుపుకోవాలి. డెస్క్‌టాప్ పీసీ అసెంబుల్ చేసుకున్నవాళ్లకి ఈ లెక్క వెంటనే ఎక్కుతుంది. ఇప్పుడు అందరూ ఎక్కువగా వాడే ఫార్మాట్ యూరోర్యాక్. 1990ల మధ్యలో జర్మనీలో డీటర్ డోఫర్ తెచ్చిన ఎ-100 సిస్టమ్‌తో ఇది మొదలైంది. ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. వెడల్పుని హెచ్‌పీల్లో కొలుస్తారు, ఒక హెచ్‌పీ అంటే 5.08 మిల్లీమీటర్లు. పవర్ ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. కొలతలు అందరికీ తెలిసినవే కాబట్టి కంపెనీవాడైనా, బాల్కనీలో టేబుల్ వేసుకున్న కుర్రాడైనా ఒకే కేసులో సరిపోయే మాడ్యూల్ చేయొచ్చు.

ఇందులో కొత్తదనం కూడా ఏం లేదు. సింథసైజర్ అనగానే గుర్తొచ్చే బాబ్ మూగ్ కూడా సింథ్‌ల కంటే ముందు థెరెమిన్ కిట్లు అమ్మినవాడే.

చీప్ అనే భ్రమ

మొదటి వీసీఓకి నేను రాసుకున్న లెక్క ఇది. చిప్‌లు, రెసిస్టర్లు, కెపాసిటర్లు కలిపి ఐదారొందలు. అది చూసి ఎగిరి గంతేశా. తర్వాత అసలు బిల్లు మొదలైంది. పీసీబీ ఆర్డర్ పెడితే ఒక్కటి ఇవ్వరు, కనీసం ఐదు తీసుకోవాలి. షిప్పింగ్ బోర్డుల ధర కంటే ఎక్కువ పడింది. జాక్‌లు, పాట్‌లు, నాబ్‌లు, ప్యానెల్ కలిపి ఇంకో వెయ్యి పైనే. ఇవన్నీ సరే, నా దగ్గర టూల్స్ లేవు. టెంపరేచర్ సెట్ చేసుకునే సోల్డరింగ్ స్టేషన్, పనికొచ్చే మల్టీమీటర్, కట్టర్, సోల్డర్ పీకే పంపు, ఒక చిన్న డిజిటల్ ఆసిలోస్కోప్. అంతా కలిపి చూస్తే మొదటి మాడ్యూల్‌కి పెట్టిన డబ్బుతో రెడీమేడ్ వీసీఓ కొని, మిగిలిన చిల్లరతో బిర్యానీ తినేవాణ్ని.

ఇక టైమ్. ఐదు వీకెండ్‌లు పట్టింది. అందులో రెండు వీకెండ్‌లు ఒక రెసిస్టర్ వల్ల పోయాయి. 10కే పెట్టాల్సిన చోట 100కే పెట్టా. రంగుల పట్టీల్లో నారింజకీ పసుపుకీ తేడా ట్యూబ్‌లైట్ కింద ఎలా కనిపిస్తుందో అనుభవిస్తే గానీ తెలియదు. ఇప్పుడు ప్రతి రెసిస్టర్‌నీ మీటర్‌తో కొలిచాకే బోర్డు మీద పెడుతున్నా.

నాలుగో మాడ్యూల్ నుంచి డబ్బు మిగలడం మొదలైంది. టూల్స్ ఖర్చు ముందే అయిపోయింది కదా. కాబట్టి ఒకటో రెండో చేసి ఆపేద్దామనుకుంటే, డబ్బు మిగులుతుందన్న ఆశతో మాత్రం దిగొద్దు.

చిప్ దొరుకుతుంది, జాక్ దొరకదు

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కోఠీ గుజరాతీ గల్లీ గురించి చెప్పక్కర్లేదు. మొదటిసారి లిస్టు పట్టుకుని వెళ్లినప్పుడు షాపతను పైనుంచి కిందదాకా చూసి, "ఏంది తమ్ముడూ, ఆంప్లిఫైర్ చేస్తున్నవా?" అన్నాడు.

"కాదన్నా, సింథసైజర్."

"గదేందిరా భై, కీబోర్డా? రెడీమేడ్ దొరుకుతది గదా."

ఈ ఆర్టికల్ మొత్తాన్నీ ఆయన అక్కడే ఒక్క ముక్కలో తేల్చేశాడు. అయినా లిస్టులో ఉన్నవన్నీ తీసిచ్చాడు. టీఎల్072 ఆప్-ఆంప్, 40106 ష్మిట్ ట్రిగ్గర్, బీసీ547 ట్రాన్సిస్టర్లు, అన్నీ అక్కడికక్కడే. ఈ పార్టులు దశాబ్దాలుగా అమ్ముడుపోతున్నవే. అనలాగ్ సింథ్‌లో చాలా భాగం వీటితోనే అయిపోతుంది.

దొరకనివి మెకానికల్ పార్టులు. యూరోర్యాక్‌కి కావాల్సింది నిలువుగా కూర్చునే మోనో 3.5 ఎంఎం జాక్. ప్లగ్ లేనప్పుడు లోపల ఒక స్విచ్ కలిసి ఉండాలి, ప్యానెల్‌కి బిగించడానికి మర ఉండాలి. మన మార్కెట్‌లో దొరికేవి ఎక్కువగా స్టీరియో జాక్‌లు, పిన్‌ల అమరిక వేరు, పట్టు వదులు. నాలుగుసార్లు పెట్టి తీస్తే కరకరమంటాయి. చివరికి జాక్‌లు బయటి నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఒక్కడి కోసం తెప్పిస్తే దండగ, అందుకే నలుగురం కలిసి రెండొందలు ఒకేసారి ఆర్డర్ పెట్టాం.

ఒక జాగ్రత్త. ఎల్ఎం13700 లాంటి, సింథ్‌వాళ్లు ఎక్కువగా అడిగే చిప్‌లు ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపిస్తే అనుమానించండి. ఒక చోట నేను పది కొంటే మూడు పనిచేశాయి. మిగతా ఏడింటి మీద పేరు మాత్రం అందంగానే ఉంది. బేస్‌లు వాడి చిప్‌లు గుచ్చాను కాబట్టి బతికిపోయా. నేరుగా సోల్డర్ చేసుంటే బోర్డు కూడా పోయేది.

ఏప్రిల్‌లో శ్రుతి తప్పిన వీసీఓ

సొంతంగా చేయడంలో నాకు నిజంగా దక్కింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తా.

నేను చేసింది యూట్యూబ్‌లో మోరిట్జ్ క్లైన్ వీడియోలు చూసి నేర్చుకున్న తరహా సర్క్యూట్. ఒక కెపాసిటర్, ఒక 40106. కెపాసిటర్‌లో చార్జ్ ఒక హద్దు దాటగానే చిప్ దాన్ని టక్కున మార్చేస్తుంది, మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. ఇది సెకనుకి 440 సార్లు జరిగితే మనకి వినిపించే స్వరం 440 హెర్ట్జ్. బ్రెడ్‌బోర్డ్ మీద పది నిమిషాల్లో అరుపు వచ్చేసింది. ఆ అరుపు విని ఇంట్లోవాళ్లు మిక్సీ పాడైందనుకున్నారు.

అరుపుని సంగీతం చేయడమే కష్టం. యూరోర్యాక్‌లో రూల్ ఏంటంటే, కంట్రోల్ వోల్టేజ్ ఒక వోల్టు పెరిగితే స్వరం సరిగ్గా ఒక ఆక్టేవ్ పైకి వెళ్లాలి. అంటే ఒక సెమిటోన్‌కి 83.3 మిల్లీవోల్టులు. మనవాళ్ల భాషలో, మధ్య షడ్జమం నుంచి తారాస్థాయి షడ్జమానికి ఒక్క వోల్టు. ఈ పని చేయడానికి ట్రాన్సిస్టర్‌కి పుట్టుకతో ఉన్న ఒక గుణాన్ని వాడుకుంటారు. బేస్ దగ్గర సుమారు 18 మిల్లీవోల్టులు పెంచితే అందులోంచి పారే కరెంటు రెట్టింపవుతుంది. కరెంటు రెట్టింపైతే ఫ్రీక్వెన్సీ రెట్టింపు, అంటే ఒక ఆక్టేవ్. ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

చిక్కేంటంటే ఆ 18 అనే అంకె వేడిని బట్టి మారుతుంది. ఒక డిగ్రీకి దాదాపు 0.33 శాతం. ఆక్టేవ్‌కి 1200 సెంట్లు కాబట్టి, గది ఒక్క డిగ్రీ వేడెక్కితే ఆక్టేవ్‌కి 4 సెంట్ల తప్పు. వినడానికి చిన్నదే. కానీ జనవరిలో 24 డిగ్రీల దగ్గర ట్యూన్ చేసి ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీల్లో వాయిస్తే ఆక్టేవ్‌కి 40 సెంట్లు. రెండు ఆక్టేవ్‌లు పైకెళ్లేసరికి 80, అంటే దాదాపు ఒక సెమిటోన్. నాకు జరిగింది అచ్చంగా ఇదే. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి వాయిస్తుంటే కింద స్థాయిలో కలిసిన షడ్జమం పైస్థాయికి వెళ్లేసరికి ఎక్కడో తేలింది. ఏసీ వేస్తే మెల్లగా దారిలోకి వచ్చింది!

దీనికి ఇంకో అన్న కూడా ఉన్నాడు. అదే ట్రాన్సిస్టర్ వేడికి మొత్తం కరెంటునే పెంచేస్తుంది. దాన్ని సరిదిద్దడానికి ఒకేలా ఉండే రెండు ట్రాన్సిస్టర్లని జంటగా వాడాలి. గుజరాతీ గల్లీలో ఇరవై బీసీ547లు తెచ్చి, ఒక్కోదాని బేస్-ఎమిటర్ వోల్టేజ్ కొలుస్తూ కూర్చున్నా. వేలితో ముట్టుకుంటే చాలు, ఒంటి వేడికి రీడింగ్ జారిపోతుంది. పట్టకారుతో పెట్టి, ఫ్యాన్ ఆపేసి, రెండేసి నిమిషాలు ఆగి కొలవాలి. ఇరవైలో మంచి జంట ఒకటి కుదిరింది. పెళ్లిచూపుల్లో కూడా ఇంత ఓపిక పట్టరేమో. ఆ రెండింటినీ ముఖాముఖి అతికించి ష్రింక్ ట్యూబ్ తొడిగా, ఇద్దరికీ ఒకే వేడి తగలాలని. తర్వాత మొదటి సమస్యకి, వేడితో పాటు విలువ మారే టెంప్‌కో రెసిస్టర్ ఒకటి వేశా. అది మాత్రం లోకల్‌గా దొరకలేదు.

రెడీమేడ్ వీసీఓ కొంటే ఈ గొడవేదీ ఉండదు. మంచి కంపెనీలు ఇదంతా చేసే పంపిస్తాయి. పైగా సీఈఎం3340 చిప్‌లోనూ, ఇప్పుడు దొరికే దాని కాపీ ఏఎస్3340లోనూ వేడి సంగతి చూసుకునే ఏర్పాటు లోపలే ఉంటుంది. స్టేజ్ మీద రెండు నెలల్లో వాయించాల్సినవాళ్లు కళ్లు మూసుకుని కొనేయండి. నాకైతే ఏప్రిల్‌లో ఆ తేలిపోయిన షడ్జమం వల్ల ట్రాన్సిస్టర్ గురించి తెలిసినంత, బీటెక్‌లో రెండు సెమిస్టర్లు చదివినా తెలియలేదు.

పవర్ సప్లై మాత్రం కొనండి

దీని మీద నాకు రెండో అభిప్రాయం లేదు. నేను 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, ఒక 7812, ఒక 7912 తెచ్చి సొంతంగా చేయబోయా. రెండు రెగ్యులేటర్లూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి. కానీ 7812కి కాళ్ల వరుస ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్. 7912కి గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. ఇది చదివి జాగ్రత్తగానే కలిపా. చదవనిది ఇంకొకటి ఉంది. వీపు మీద ఉండే లోహపు రేకు 7812లో గ్రౌండ్‌కి కలిసి ఉంటే, 7912లో ఇన్‌పుట్‌కి కలిసి ఉంటుంది. రెండింటినీ ఒకే హీట్‌సింక్‌కి మైకా ముక్క లేకుండా బిగించా. స్విచ్ వేయగానే ఫట్‌మని శబ్దం, కాలిన వాసన. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది.

పోయింది మూడొందల ట్రాన్స్‌ఫార్మరే. కానీ అవతలివైపు ఉన్నది 230 వోల్టులు. ప్లాస్టిక్ డబ్బాలో, ఫ్యూజ్ లేకుండా, టేప్ చుట్టిన వైర్లతో మెయిన్స్ పెట్టుకుని పక్కన పడుకోవడం ధైర్యం కాదు. పైగా మాడ్యూల్‌లో తప్పు చేస్తే ఒక మాడ్యూలే పోతుంది. సప్లైలో తప్పు చేస్తే దానికి తగిలించినవన్నీ పోతాయి. ఇప్పుడు నేను వాడుతున్నది కొన్నదే, అడాప్టర్ బయట ఉండే రకం. మెయిన్స్ నా కేసులోకి రానే రాదు.

రెండుసార్లు కాలింది అన్నాగా

మొదటిసారి రిబ్బన్ కేబుల్ తిప్పి పెట్టా. ఎర్ర గీత ఉన్న వైపు మైనస్ 12 అన్నది యూరోర్యాక్‌లో మొదటి పాఠం. రాత్రి ఒంటిగంటకి మొదటి పాఠాలు గుర్తుండవు. పది పిన్‌ల కేబుల్ తిరగబడితే ప్లస్, మైనస్ తారుమారవుతాయి. టీఎల్072, 40106 రెండూ పోయాయి. పొద్దున్నే బేస్‌ల్లోంచి పీకి కొత్తవి గుచ్చా. ఖర్చు యాభై రూపాయల లోపు, టైమ్ పావుగంట. అదే రోజు పవర్ లైన్‌లో రెండు షాట్కీ డయోడ్‌లు కూడా వేశా. ఇక తిప్పి పెట్టినా కరెంటు లోపలికి పోదు. రెండోసారి, పక్క మాడ్యూల్ సోల్డర్ చేస్తుంటే కత్తిరించిన కాలు ముక్క ఒకటి ఎగిరి దీని వెనక పడింది. మళ్లీ పావుగంట.

ఇప్పుడు ఆ నల్ల ప్యానెల్ ఫిల్టర్ సంగతి. ఒక రోజు వాయిస్తుండగా సౌండ్ ఆగిపోయింది. కంపెనీకి మెయిల్ పెడితే మర్యాదగానే జవాబిచ్చారు, పంపించండి చూస్తాం అని. పోను కొరియర్, రాను కొరియర్, రిపేరుకి పంపిందే తిరిగొస్తోందని కస్టమ్స్‌కి చూపించాల్సిన కాగితాలు. లెక్కేస్తే కొత్తదాని ధరలో దాదాపు సగం. పోనీ స్కీమాటిక్ ఇవ్వండి, నేనే చూసుకుంటా అన్నా. ఇవ్వలేమన్నారు. తప్పు వాళ్లదని నేననను, వాళ్ల వ్యాపారం వాళ్లది. కానీ ఫోన్‌కైతే ఊరికో సర్వీస్ సెంటర్ ఉంటుంది. యూరోర్యాక్‌కి మన దగ్గర ఎక్కడుంది? రివ్యూల్లో సౌండ్, ప్యానెల్, నాబ్‌లు అన్నీ చూస్తాం. పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్నది మాత్రం చూడం. నేనూ చూడలేదు.

అందుకే ఇప్పుడు రెడీమేడ్ కొనేటప్పుడు నేను మొదట వెతికేది స్కీమాటిక్ బయట పెట్టారా లేదా అని. దీనికి మంచి ఉదాహరణ మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్. ఎమిలీ జిల్లే నడిపిన ఈ ఫ్రెంచ్ కంపెనీ తన మాడ్యూల్స్ సర్క్యూట్లు, కోడ్ ఓపెన్‌గా పెట్టేసింది. 2022లో కంపెనీ మూతపడింది. అయినా ప్లెయిట్స్, క్లౌడ్స్ ఇప్పటికీ వేరేవాళ్ల చేతుల్లో తయారవుతూనే ఉన్నాయి, పాడైతే ఎక్కడ చూడాలో ఎవరికైనా తెలుస్తుంది. కొనే ముందు వినాలంటే డబ్బులు కూడా అక్కర్లేదు. వీసీవీ ర్యాక్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో వీటి కంప్యూటర్ వెర్షన్లు ఆడిబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ పేరుతో ఉన్నాయి. ఒక నెల దాంతో ఆడుకుంటే మీకు నిజంగా ఏ మాడ్యూల్ కావాలో తేలిపోతుంది. సగం కోరికలు అక్కడే తీరిపోతాయి కూడా.

ఇలాంటి డిజిటల్ మాడ్యూల్స్‌ని మొదట్లోనే చేయాలని చూడొద్దు. బియ్యం గింజ కంటే చిన్న పార్టులు, దగ్గర దగ్గరగా కాళ్లున్న ప్రాసెసర్. ఒక్క కాలు పక్కదానికి అతుక్కుంటే తప్పు వెతకడం నరకం. ఇవి కొనండి. వీసీఏ, మిక్సర్, ఎల్ఎఫ్ఓ, అటెన్యుయేటర్ లాంటివి చేసుకోండి. మిక్సర్ అంటే ఒక టీఎల్072, కొన్ని రెసిస్టర్లు, నాలుగు పాట్‌లు, అంతే. దీనికి వేలు పోయడం నాకు మనసొప్పదు. సర్క్యూట్ సొంతంగా పెట్టుకునే ఓపిక లేకపోతే కిట్లున్నాయి. మోరిట్జ్ క్లైన్, ఎరికా సింథ్స్ కలిసి తెచ్చిన ఈడీయూ కిట్లలో మాన్యువలే ఒక క్లాసులా ఉంటుంది, ఒక్కో భాగం ఎందుకుందో చెప్తూ పోతుంది. స్పెయిన్‌లోని బెఫాకో కూడా చాలా మాడ్యూల్స్‌ని కిట్‌గా అమ్ముతుంది. షిప్పింగ్ మాత్రం ఎలాగూ తప్పదు.

నల్ల ప్యానెల్ కథ ఇంకా అయిపోలేదు. పోయిన వారం మళ్లీ విప్పా. రెండేళ్ల కింద ఆ బోర్డు చూస్తే చీమల పుట్టలా కనిపించేది. ఈసారి మీటర్ పట్టుకుని పవర్ వచ్చే దారి వెంట నడిచా. ప్లస్ 12 ఉంది. మైనస్ 12 కనెక్టర్ దాకా వస్తోంది, ఆప్-ఆంప్ కాలు దగ్గరికి చేరట్లేదు. మధ్యలో నువ్వుగింజంత పార్టు ఒకటి తెగిపోయి ఉంది. దాన్ని తీసి కొత్తది పెట్టడానికి నా సోల్డరింగ్ ఐరన్ మొన చాలా లావు. జగదీష్ మార్కెట్‌లో ఫోన్ బోర్డులు రిపేర్ చేసే తమ్ముడొకడు తెలుసు, వాడి దగ్గర హాట్ ఎయిర్, మైక్రోస్కోప్ రెండూ ఉన్నాయి. ఫొటో పంపితే, "అన్నా, ఇది రెండు నిమిషాల పని, తీస్కరా" అన్నాడు. ఈ వారం తీసుకెళ్తున్నా.